మళ్లీ వచ్చే మనిషి

ఆరో తరగతి పిల్లవాడి నోట్‌బుక్ తెరిచి చూశాను. దస్తూరి ముచ్చటగా ఉంది. గీత దాటలేదు, కొట్టివేతలు లేవు. బోర్డు మీద టీచరు రాసిన ప్రశ్నా జవాబూ ఒక్క తప్పు లేకుండా దించుకున్నాడు. "ఈ మొదటి వాక్యం చదువు నాన్నా" అన్నాను. వాడు పుస్తకంలోకి కాక నా మొహంలోకి చూశాడు. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి అడుగుతూ పోతే సంగతి బయటపడింది. అచ్చులు వచ్చు, హల్లులు చాలావరకు వచ్చు. గుణింతాల్లో దీర్ఘం, గుడి దాకా ఫర్వాలేదు. ఎత్వం, ఒత్వం దగ్గర తడబాటు. ఒత్తులు బొత్తిగా రావు. 'విద్యార్థి' అన్న మాటలో 'వి' అని ఆగిపోయాడు. అయిదేళ్లుగా వాడు రాసిందంతా బొమ్మ గీసినట్టు గీసిందే. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చదివించి చూసే తీరిక, నలభై మంది ఉన్న తరగతిలో ఏ టీచరుకూ దొరకలేదు.

2024 అసర్ (వార్షిక విద్యా స్థితి) నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలో ప్రభుత్వ బడుల అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 44.8 శాతం. చదవలేని మిగతా సగానికి పైగా పిల్లల్లాంటివాడే మా ఆరో తరగతి వాడూ. వారానికి ఒకటి రెండు గంటలు బడికి వెళ్లి, జీతం భత్యం లేకుండా, ఇలాంటి పిల్లల పక్కన కూర్చునే బయటి మనిషి వల్ల నిజంగా ఏమైనా మేలు జరుగుతుందా? జరిగితే ఎప్పుడు, ఎవరికి? జరగకపోతే ఎందుకు? ఇక్కడా బయటా ఈ ప్రశ్న మీద చేసి చూసిన పనులు చాలానే ఉన్నాయి. వాటిని ఒకచోట పెట్టి చూద్దామనే ఈ వ్యాసం. కొన్నేళ్లుగా శనివారాలు ఒక ఉన్నత పాఠశాలకు వెళ్తున్నవాణ్ణి కాబట్టి ఇందులో నాకంటూ ఒక పక్షం ఉంది. ఈ పని జరగాలన్నదే నా కోరిక. అందుకే దీని లోపాలను ఎక్కువ శ్రద్ధగా చూశాను.

ముందు మాటల సంగతి. మెంటర్‌కు తెలుగులో స్థిరపడిన మాట లేదు. మార్గదర్శి అంటే ఎక్కడో ఎత్తున నిలబడి దారి చూపే మనిషిలా వినిపిస్తుంది. పిల్లలు మొదట్లో ఎవరినైనా సార్, మేడమ్ అనే అంటారు. నాలుగు వారాలు క్రమంగా వెళ్తే కాలేజీ పిల్లలను అన్నా, అక్కా అనడం మొదలుపెడతారు. ఆ పిలుపు మారడమే ఈ పనికి సరైన నిర్వచనం అనిపిస్తుంది నాకు. మెంటర్ పాఠం చెప్పవచ్చు, కానీ ఉపాధ్యాయుడు కాడు. ఫీజు కట్టవచ్చు, కానీ దాతగా రాడు. ఒక పిల్ల చదువు ఎక్కడ ఆగిందో తెలిసి, ఆ పిల్ల కోసమే మళ్లీ వచ్చే పెద్దమనిషి.

వాలంటీర్ అన్న మాటతో మనకు ఇంకో చిక్కు ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ మాటకు తక్కువ జీతపు ఉద్యోగం అన్న అర్థం వచ్చేసింది. 1990ల చివర ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో టీచర్ల ఖాళీలు నింపడానికి విద్యా వాలంటీర్లను తీసుకున్నారు. ఊళ్లో ఇంటరో డిగ్రీయో చదివినవాళ్లు, చాలావరకు ఆడపిల్లలు, కొద్దిపాటి గౌరవ వేతనానికి తరగతులకు తరగతులే నడిపారు. 2020లో బడులు మూతపడ్డప్పుడు తెలంగాణలో అలాంటివాళ్లు వేలమంది ఉపాధి కోల్పోయారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఆగస్టు 15న మొదలైన గ్రామ, వార్డు వాలంటీర్ వ్యవస్థలో యాభై ఇళ్లకు ఒకరు ఉండేవారు, నెలకు 5,000 రూపాయలు ఇచ్చేవారు. అందుకే బడిలో అడుగుపెట్టి "నేను వాలంటీర్‌ని" అంటే వెంటనే వచ్చే ప్రశ్న "ఎంతిస్తున్నారు?" అని. ఏమీ లేదంటే, అయితే ఏ పార్టీ, ఏ సంస్థ, ఏ మతం అని అనుమానం. పిల్లల విషయంలో ఆ అనుమానం సబబే. దాన్ని తీర్చవలసిన బాధ్యత వచ్చినవాడిదే.

జీతం లేని వాలంటీరు మన నేలకు కొత్తవాడేమీ కాదు. 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నెల్లూరు జిల్లాలో అక్షరదీపంగా సాగినప్పుడు, పొలం నుంచి వచ్చిన ఆడవాళ్లకు లాంతరు వెలుగులో అక్షరాలు దిద్దబెట్టింది ఊళ్లోని చదువుకున్న పిల్లలే. వాచకంలోని సీతమ్మ కథ చదివి, చర్చించి, దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం దాకా ఆ కదలిక పోయింది. చదువు చెప్పినవాళ్లు రోజూ సాయంత్రం అదే అరుగు మీద, అదే మనుషులతో కూర్చునేవాళ్లు. ఉద్యమం చల్లబడ్డాక నేర్చుకున్న అక్షరాలు చాలామందికి చేజారాయన్నదీ నిజమే. మనిషి రావడం మానేస్తే అక్షరం కూడా నిలవదని మనకు అప్పుడే తెలిసింది.

అదే కాలంలో రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నాయకత్వాన ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ చేసిన పని మెంటర్ అన్న మాట వాడకుండానే దానికి అసలు రూపం చూపించింది. జీతగాళ్లుగా, పత్తి చేలల్లో కూలీలుగా ఉన్న పిల్లలను బడికి తెచ్చే పని అది. అందుకు నియమించుకున్న యువకులు చాలామంది ఆ ఊళ్లవాళ్లే, ఇంట్లో మొదటగా చదువుకున్నవాళ్లే. బ్రిడ్జి కోర్సు శిబిరంలో కొన్ని నెలలు చదివించి, వయసుకు తగిన తరగతిలో చేర్చేవాళ్లు. పిల్ల మళ్లీ మానేస్తే మళ్లీ ఇంటికి వెళ్లేవాళ్లు, ఆసామితో మాట్లాడేవాళ్లు, తల్లిదండ్రులతో మాట్లాడేవాళ్లు. ప్రభుత్వ ఉపాధ్యాయులు బాల కార్మిక విమోచన వేదికగా ఏర్పడి వాళ్లతో కలిశారు. 2003లో శాంతా సిన్హాకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. బయటివాళ్ల ప్రేరణ ప్రసంగాలతో జరిగిన పని కాదది. ఆ ఊరి మనుషులు అవే గడపలు పదేపదే ఎక్కడంతో జరిగింది.

ఇప్పటి విధానం తలుపులు బాగానే తెరిచింది. 2020 జాతీయ విద్యా విధానం స్థానిక సమాజాన్ని, పూర్వ విద్యార్థులను, విశ్రాంత ఉద్యోగులను బడికి పిలవమంది. వెనకబడిన పిల్లలకు విడిగా చదువు చెప్పడం, పెద్ద పిల్లలకు పైచదువుల గురించి చెప్పడం వాళ్ల చేత చేయించవచ్చంది. 2016లో వచ్చిన విద్యాంజలి పథకాన్ని 2021 సెప్టెంబరులో రెండో రూపంలో మళ్లీ ప్రారంభించారు. బడులు తమకు ఏం కావాలో పోర్టల్‌లో పెడతాయి, ఇవ్వదలచినవాళ్లు ముందుకొస్తారు. ఇవ్వడంలో రెండు దారులున్నాయి. ఒకటి సేవ, ఇంకోటి వస్తువులు.

మన దగ్గర ఈ రెండో దారే ఎప్పుడూ రద్దీ. నాడు నేడు, మన ఊరు మన బడి వంటి పథకాలకు ముందు నుంచీ, తొంభైల నాటి జన్మభూమి రోజుల నుంచీ, చదువుకున్న బడికి ఏదో చేయాలన్న మమకారం తెలుగువాళ్లలో గట్టిది. అమెరికాలో స్థిరపడినవాళ్లు సొంత ఊరి బడికి గదులు కట్టించారు, బెంచీలు, కంప్యూటర్లు, తాగునీటి యంత్రాలు ఇచ్చారు. అవన్నీ కావలసినవే, ఇచ్చినవాళ్లకు చేతులెత్తి మొక్కాలి. కానీ గదికి శిలాఫలకం ఉంటుంది, గంటకు ఉండదు. డబ్బు ఒకసారి పంపితే ఏడాదికి సరిపోతుంది, సమయం ప్రతి వారమూ ఇవ్వాలి. అందుకే కంప్యూటర్లు ఉన్నా వాటి ముందు పిల్లలతో కూర్చునే మనిషి లేక గదికి తాళం పడ్డ బడులు కనిపిస్తాయి.

సమయం ఇచ్చినచోట ఏం జరిగింది? మన దేశంలో అందరికన్నా ఎక్కువ లెక్క కట్టి చూసింది ప్రథమ్ సంస్థ పనినే. 2000ల మొదట్లో వడోదర, ముంబై మునిసిపల్ బడుల్లో బాలసఖి అనే కార్యక్రమం నడిచింది. ఆ పేటల్లోనే ఉండే, స్కూలు చదువు పూర్తిచేసిన అమ్మాయిలను తీసుకుని, మూడు నాలుగు తరగతుల్లో వెనకబడిన పిల్లలను రోజుకు రెండు గంటలు విడిగా కూర్చోబెట్టి చదవడం, లెక్కలు నేర్పించారు. కొద్దిపాటి వేతనమూ ఇచ్చారు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం రెండేళ్ల పాటు చీట్లు వేసినట్టు బడులను ఎంపిక చేసి పోల్చి చూస్తే, బాలసఖి ఉన్న బడుల్లో మార్కులు గట్టిగా పెరిగాయి. అట్టడుగున ఉన్న పిల్లలే ఎక్కువ లాభపడ్డారు. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచింది ఇంకోటి. వెనకబడినవాళ్లు లేచి వెళ్లాక తరగతి గదిలో మిగిలిన పిల్లలకు పెద్దగా లాభం కలగలేదు. అంటే తరగతిలో తలలు తగ్గించడం వల్ల వచ్చిన ఫలితం కాదిది. పిల్ల ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మొదలుపెట్టడం వల్ల వచ్చింది. ఆరో తరగతి పుస్తకం మూసి ఒత్తుల దగ్గరికి దిగడానికి ఒప్పుకున్నందువల్ల వచ్చింది.

ఇక ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో 2005, 2006 ప్రాంతంలో ప్రథమ్ చేసిన పని మన గ్రామాలకు దగ్గరి పోలిక. ఊళ్లో యువకులకు చదవడం నేర్పే పద్ధతిలో కొద్దిరోజులు శిక్షణ ఇచ్చారు. జీతం లేదు. వాళ్లు బడి వేళ తర్వాత శిబిరాలు నడిపారు. వచ్చిన పిల్లల ప్రగతి అబ్బురం. అక్షరం రానివాళ్లు అక్షరాలు గుర్తుపట్టారు, అక్షరాలు వచ్చినవాళ్లు కథల దాకా వెళ్లారు. కానీ ఊళ్లోని పిల్లల్లో శిబిరానికి వచ్చినవాళ్లు 8 శాతం. చదవడం రానివాళ్లలో చూసినా 13 శాతమే. మందు పనిచేసింది, రోగి దగ్గరికి చేరలేదు.

ఎందుకు చేరలేదో మన ఊళ్లు తెలిసినవాళ్లకు ఊహించడం కష్టం కాదు. సాయంత్రం ట్యూషన్ రామాలయం అరుగు మీద పెడితే ఎవరొస్తారు, ఎస్సీ కాలనీ కమ్యూనిటీ హాలులో పెడితే ఎవరొస్తారు, సర్పంచి ఇంటి వరండాలో పెడితే ఎవరు రారు? చోటు ఎంచుకున్నామంటే పిల్లలను ఎంచుకున్నట్టే. చీకటి పడ్డాక ఆడపిల్లను పంపరు. పత్తి ఏరే రోజుల్లో, మిరప కోత రోజుల్లో పెద్ద పిల్లలు చేలో ఉంటారు, లేదా ఇంట్లో చిన్నవాళ్లను చూసుకుంటూ ఉంటారు. సాయంత్రపు శిబిరానికి చక్కగా తలదువ్వుకుని వచ్చే పిల్ల చాలాసార్లు ఎలాగో నేర్చుకోగల పిల్లే. అందుకే పని బడి ఆవరణలోనే, బడి వేళల్లోనే, మధ్యాహ్న భోజనం తర్వాతో ఆఖరి పీరియడ్‌లోనో జరగాలని నా గట్టి అభిప్రాయం. పిల్లలందరూ ఉండేది అప్పుడే, అక్కడే.

దీనికీ ఒక ప్రమాదం ఉంది, అదీ లెక్కకు వచ్చింది. తర్వాతి ఏళ్లలో ప్రథమ్ బీహార్‌లోనూ ఉత్తరాఖండ్‌లోనూ వాలంటీర్లను పెట్టి చూసింది. బీహార్‌లో వాళ్లు ఎక్కువగా బడి వేళ అయ్యాక విడిగా పిల్లలతో కూర్చున్నారు, చదువు పెరిగింది. ఉత్తరాఖండ్‌లో బడులు వాళ్లను మామూలు టీచర్లలా వాడేసుకున్నాయి, ఫలితం కనబడలేదు. మన బడుల్లో ఇది రోజూ చూసేదే. లెక్కల సారు సెలవు, ఎనిమిదో తరగతి ఖాళీ, "మీరు కాస్త కూర్చోండి సార్, అల్లరి చేయకుండా చూడండి చాలు." హెడ్మాస్టరు అడిగితే కాదనడం కష్టం. కానీ ఆ గంటలో ఒత్తులు రాని వాడు మళ్లీ వెనక బెంచీకి వెళ్లిపోతాడు. బడి వేళల్లో పనిచేయాలి, బడి లోటుపాట్లకు అతుకు కాకూడదు. ఈ రెంటినీ కలపడానికి నాకు తెలిసిన ఒకే మార్గం ముందుగానే మాట్లాడుకోవడం. ఏ పిల్లలు, ఏ గంట, ఏ గది అన్నది జూన్ నెలలోనే హెడ్మాస్టరుతో కాగితం మీద పెట్టుకోవడం.

విదేశాల సంగతికొస్తే, ఈ పనిని సంస్థగా నడపడంలో అమెరికాది పాత అనుభవం. 1904లో న్యూయార్క్ బాలల కోర్టులో గుమస్తాగా ఉన్న ఎర్నెస్ట్ కూల్టర్, కేసుల్లో ఇరుక్కున్న మగపిల్లలకు ఒక్కొక్కరికి ఒక పెద్ద అన్న కావాలని పిలుపునిచ్చాడు. ఆ పనే పెరిగి పెద్దన్నలు, పెద్దక్కల సంస్థ అయింది. 1995లో దీని మీద వెలువడిన అధ్యయనం ఎనిమిది కేంద్రాల్లో 959 మంది పిల్లలను చూసింది. మెంటర్ దొరికినవాళ్లలో మాదకద్రవ్యాల జోలికి కొత్తగా వెళ్లినవాళ్లు, బడి ఎగ్గొట్టినవాళ్లు బాగా తగ్గారు. ఆ సమాచారాన్నే మరోసారి తిరగేసి 2002లో పరిశోధకులు గ్రాస్‌మన్, రోడ్స్ రాసిన వ్యాసం నన్ను ఎక్కువ కలవరపెట్టింది. ఏడాదికి పైగా సాగిన బంధాల్లోనే ఎక్కువ లాభం. మూడు నెలల్లోపు తెగిపోయిన చోట పిల్లలకు తమ మీద తమకున్న గౌరవం ముందున్నదాని కన్నా పడిపోయింది. ఆ పిల్లల్లో చాలామంది తండ్రి వదిలేసినవాళ్లు, ఇల్లు చెదిరినవాళ్లు. ఇంకో మనిషి కూడా వచ్చి, బాగా మాట్లాడి, మానేశాడు. అసలు రాకుండా ఉండి ఉంటే నయమే కదా.

దీనికన్నా పాతది, ఇంకా కటువైనది మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జి, సోమర్‌విల్ ప్రయోగం. 1939 నుంచి 1945 దాకా 506 మంది మగపిల్లల్లో సగం మందికి సలహాదారులను పెట్టి, ఇళ్లకు వెళ్లి, చదువు చెప్పి, వేసవి శిబిరాలకు పంపారు. ముప్పై ఏళ్ల తర్వాత పరిశోధకురాలు జోన్ మెకార్డ్ వాళ్లను వెతికి చూస్తే, సాయం పొందినవాళ్లే కొన్ని విషయాల్లో అధ్వానంగా ఉన్నారు. తాగుడు, మానసిక అనారోగ్యం, అకాల మరణాలు వాళ్లలోనే ఎక్కువ. ఆ సాయం పొందినవాళ్లలో మూడింట రెండొంతుల మంది మాత్రం అది తమకు మేలు చేసిందనే చెప్పారు. కారణం ఇదీ అని ఎవరూ తేల్చలేదు. నాకు దీన్నుంచి మిగిలింది ఒక జాగ్రత్త. పిల్లలు నవ్వుతూ దండం పెట్టారనీ, "మీ వల్లే సార్" అన్నారనీ మనం మేలు చేశామని అనుకోకూడదు. మూడు నెలలకోసారి ఏం నేర్చుకున్నారో కూర్చుని చూసుకోవాలి.

బడి ఆవరణలో జరిగే మెంటరింగ్ మీద అమెరికాలో 2007లో వచ్చిన పెద్ద అధ్యయనం 1,139 మంది పిల్లలను చూసింది. ఏడాది చివర చదువులో మెరుగుదల కనబడింది, తర్వాతి విద్యా సంవత్సరం వచ్చేసరికి చాలావరకు ఆవిరైంది. ఎందుకంటే ఆ బంధాలు సగటున సుమారు అయిదు నెలలే సాగాయి. వేసవి సెలవులు వచ్చాయి, కాలేజీ మెంటర్లు ఊళ్లకు వెళ్లిపోయారు. జర్మనీలో విశ్వవిద్యాలయ విద్యార్థులు హైస్కూలు పిల్లలకు తోడుండే రాక్ యువర్ లైఫ్ కార్యక్రమం మీది పరిశీలనలో మరో సంగతి తేలింది. పేద ఇళ్ల పిల్లలకు లెక్కల మార్కులతో పాటు ముందు ఏం చేయాలన్న స్పష్టతలోనూ మంచి లాభం వచ్చింది. కాస్త కలిగిన ఇళ్ల పిల్లలకు ఏ లాభమూ లేదు. ఇంట్లో దొరకనిది ఇచ్చినప్పుడే మెంటర్‌కు విలువ. దీన్ని మన దగ్గర పాటిస్తే, హెడ్మాస్టరు ముందుకు తోసే ముగ్గురు తెలివైన పిల్లలను కాక, పేరు పిలిస్తే లేచి నిలబడడానికి వెనకాడే పిల్లలను అడిగి తీసుకోవాలి.

ఫోన్ మీద మెంటరింగ్ గురించి క్లుప్తంగా చెబుతాను. కోవిడ్‌లో బడులు మూతపడినప్పుడు బంగ్లాదేశ్ గ్రామాల్లో విశ్వవిద్యాలయ విద్యార్థులు వారానికి అరగంట ఫోన్ చేసి తల్లికీ పిల్లకూ పాఠం నడిపిస్తే మంచి ఫలితాలు వచ్చాయి. మనవాళ్లు ఇవిద్యాలోక వంటి సంస్థల ద్వారా ఎక్కడెక్కడి నుంచో తెర మీద మాతృభాషలో గ్రామీణ బడులకు పాఠాలు చెబుతున్నారు. విదేశాల్లో ఉండే తెలుగువాళ్లకు ఇది మంచి దారి, డబ్బు కన్నా కష్టమైనదీ. ఢిల్లీ ప్రభుత్వం 2021 అక్టోబరులో మొదలుపెట్టిన దేశ్ కే మెంటర్ మాత్రం హెచ్చరిక. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి పిల్లలకు ముక్కూమొహం తెలియని యువకులు ఫోన్‌లో సలహాలిచ్చే పథకం అది. పిల్లల భద్రతకు ఏర్పాట్లు చాలవంటూ జాతీయ బాలల హక్కుల కమిషన్ అభ్యంతరం చెప్పింది. ఆ అభ్యంతరం సమంజసమనే నేనంటాను. ఫోన్‌లో జరిగేది ఎవరి కంటా పడదు.

భద్రత విషయంలో మొహమాటం పనికిరాదు. పోలీస్ ధ్రువీకరణ అడిగితే వచ్చినవాడు నొచ్చుకోకూడదు, అడగకపోతే తానే తెచ్చివ్వాలి. కూర్చునేది వరండాలోనో తలుపులు తీసి ఉన్న గదిలోనో, పదిమంది కంటపడేట్టు. పిల్లల ఫోన్ నంబర్లు తీసుకోకూడదు, ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకూడదు. "ఈ పాపకు అక్షరాలు రావు, నేను నేర్పిస్తున్నాను" అని మొహంతో సహా పెట్టిన పోస్టు ఆ పాప పదో తరగతికి వచ్చాక కూడా ఎవరి ఫోన్‌లోనో ఉంటుంది. పిల్ల తన ఇంట్లోదో బడిలోదో ఏదైనా బాధ చెప్పుకుంటే దాన్ని మనలోనే దాచుకోవడం నేరం కూడా కావచ్చు. పిల్లల మీద లైంగిక నేరమైతే 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు తెలియజేయాలి. పిల్లల సహాయానికున్న 1098 నంబరు మెంటర్‌కు కంఠతా ఉండాలి.

ఇప్పటిదాకా చెప్పింది చదవడం రాని పిల్లల సంగతి. ఎనిమిది నుంచి పది దాకా ఉన్న పిల్లలకు కావలసింది వేరు. నేషనల్ మీన్స్ కం మెరిట్ స్కాలర్‌షిప్ ఉంది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు పరీక్ష. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. నాలుగేళ్లకు 48,000. కూలి ఇంట్లో ఆడపిల్ల చదువు పదితో ఆగేదీ సాగేదీ తేల్చే డబ్బు అది.

మా బడిలో ఒక అమ్మాయి ఆ పరీక్షలో ఎంపికైంది. ఆన్‌లైన్ దరఖాస్తు దగ్గర ఆగిపోయింది. బడి రిజిస్టరులో ఇంటిపేరుతో సహా పూర్తి పేరు ఉంది, ఆధార్‌లో ఇంటిపేరు లేదు, బ్యాంకు పాస్‌బుక్‌లో మూడో రకంగా ఉంది. ఆధార్ సరిచేయడానికి మండల కేంద్రానికి వెళ్లాలి. వెళ్తే తల్లికి ఒక రోజు కూలి పోతుంది. మొదటిరోజు సర్వర్ పనిచేయలేదు, రెండో రోజు బడి నుంచి బోనఫైడ్ తెమ్మన్నారు, మూడోసారికి వేలిముద్ర పడలేదు. ఆదాయ ధ్రువపత్రానికి ఇంకోసారి. శనివారాలు బడికి వెళ్లే మా బృందంలోని డిగ్రీ అమ్మాయి ఆ తల్లితో నాలుగుసార్లు బస్సెక్కింది. గడువుకు రెండు రోజుల ముందు దరఖాస్తు పూర్తయింది. పిల్లకు ఒక్క పాఠం చెప్పింది లేదు, ఒక్క ప్రేరణ మాట ఆడింది లేదు. ఆ ఏడాది మేమందరం కలిసి చేసినవాటిలో అంతటి మెంటరింగ్ ఇంకోటి లేదని నా నమ్మకం.

పది తర్వాత దారులూ ఇలాగే. పాలిసెట్ రాస్తే డిప్లొమా, ఐటీఐలు, గురుకుల జూనియర్ కాలేజీలు, వ్యవసాయ పాలిటెక్నిక్‌లు. 2008లో పెట్టిన రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయం, మన నోటిలో ట్రిపుల్ ఐటీ, పది మార్కులతోనే ఆరేళ్ల చదువుకు తీసుకుంటుంది, ప్రభుత్వ బడి పిల్లలకు డిప్రివేషన్ స్కోరు కలుపుతుంది. పట్నంలో కార్పొరేట్ కాలేజీల ప్రతినిధులు జనవరి నుంచే టెన్త్ పిల్లల ఇళ్ల చుట్టూ తిరుగుతారు. ఈ దారుల గురించి చెప్పడానికి మాత్రం ఇంటికి ఎవరూ రారు.

టెన్త్ అనగానే ఒక మాట చెప్పాలి. బడికి వచ్చే సాయమంతా అక్కడికే పోతోంది. పరీక్షల ముందు అట్టలు, పెన్నులు, సాయంత్రం తరగతులకు ఉప్మా, వక్తల ప్రసంగాలు, అన్నీ పదో తరగతికే. బడి పేరు ఫలితాల శాతం మీద నిలుస్తుంది కాబట్టి హెడ్మాస్టర్ల ఆరాటం అర్థమవుతుంది. కానీ పదిలో తప్పే పిల్ల పదిలో తప్పదు, ఆరుకు వచ్చేటప్పటికే తప్పి ఉంటుంది. పదో తరగతిలో వారానికి గంట చేయగలిగింది తక్కువ, ఆరో తరగతిలో అదే గంట పిల్ల దారినే మార్చవచ్చు. ఇంగ్లీషు మీడియం వచ్చాక ఇంకో ఒత్తిడి. పట్నం నుంచి వచ్చే వాలంటీర్లలో ఎక్కువమంది స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతామంటారు. తెలుగులో తన పేరు చదవలేని పిల్ల చేత గుడ్ మార్నింగ్ పాట పాడించి ఫొటో తీసుకుని వెళ్తే ఆ పిల్లకు ఏమిచ్చినట్టు? చదవడం అనే విద్య మొదట ఒక భాషలో పట్టుబడాలి. అది ఇంట్లో మాట్లాడే భాషలో తొందరగా పట్టుబడుతుంది.

టీచర్ల వైపు నుంచి చూడకపోతే ఈ సమీక్ష పక్షపాతం అవుతుంది. "వచ్చేవాళ్లకేం కొదవ లేదండీ. ఆగస్టు పదిహేనుకు వస్తారు, నవంబరు పద్నాలుగుకు వస్తారు. మళ్లీ వచ్చేవాళ్లు కావాలి" అన్నారు నాకు తెలిసిన ఒక హెడ్మాస్టరు. ఆయన బాధలో న్యాయం ఉంది. బయటి మనిషి వచ్చి అరగంట చూసి "మీ పిల్లలకు ఏమీ రావడం లేదు" అంటాడు. పిల్లలతో పాటు యాప్‌లలో హాజరు, భోజనం లెక్కలు, కోడిగుడ్ల లెక్కలు, ఎన్నికల డ్యూటీలు మోసే మనిషికి ఆ మాట ఎలా ఉంటుంది? విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ బోధనేతర పనులను జనగణన, విపత్తులు, ఎన్నికలకే పరిమితం చేసింది. కాగితం పని మాత్రం తగ్గలేదు. మెంటర్ టీచరుకు లోపాలు వెతికే మనిషి కాదనీ, టీచరుకు తీరని గంటను పూరించే మనిషనీ మొదటి నెలలోనే నడవడికతో తెలియాలి. పిల్లల ముందు టీచరును చిన్నబుచ్చే మాట ఒక్కటి దొర్లినా ఆ బడిలో మన పని అయిపోయినట్టే.

ఎవరు రావాలి? ఊళ్లో రిటైరైన టీచరమ్మ అందరికన్నా మేలు, ఆమెకు గుణింతాల వరస చెప్పే పద్ధతి ఉంది, ఊరంతా తెలుసు. దగ్గర్లోని డిగ్రీ కాలేజీ పిల్లలు, ముఖ్యంగా అదే బడిలో చదివి హాస్టళ్లలో పెరిగినవాళ్లు, ఇంకో రకంగా మేలు. "నేనూ ఏడో తరగతిలో ఇలాగే ఆగిపోయాను" అని వాళ్లు చెప్తే పిల్లలు నమ్ముతారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు వారాంతాల్లో వస్తారు, ఉత్సాహం ఎక్కువ, బదిలీలూ ఎక్కువే. ఎవరూ రాకూడదని నేననను. ఏడాది వస్తాననుకోలేని వాళ్లు మాత్రం ఒక పిల్లతో బంధం పెట్టుకోకుండా దరఖాస్తులు నింపడం, లైబ్రరీ పుస్తకాలు సర్దడం, ఎనిమిదో తరగతికి మాక్ టెస్టులు పెట్టడం వంటి పనులు తీసుకోవాలి. అవీ కావలసిన పనులే, మధ్యలో ఆగినా ఎవరి మనసూ విరగదు.

ఏడాది వస్తానన్నవాళ్లూ ఒక్కోసారి ఆగిపోతారు. పెళ్లిళ్లు అవుతాయి, ఉద్యోగాలు వస్తాయి, తల్లిదండ్రులు జబ్బుపడతారు. దాన్ని ముందే ఒప్పుకుని ఏర్పాటు చేసుకోవాలి. వెళ్లేవాళ్లు చెప్పకుండా మాయం కాకుండా, కొత్తగా వచ్చేవాళ్లతో కలిసి రెండు శనివారాలు పిల్ల పక్కన కూర్చోవాలి. మా బృందంలో ఒక పొడుగు నోట్‌బుక్ ఉంది, పిల్లకో పేజీ. హెడ్మాస్టరు బీరువాలో ఉంటుంది, బయటికి తీసుకెళ్లం. మొన్న ఫిబ్రవరిలో ఉద్యోగం వచ్చి హైదరాబాద్ వెళ్లిపోతూ ఒక అక్క తన పేజీ చివర రాసి పెట్టిన మాటలు ఇవి: "రెండో తరగతి వాచకం 31వ పేజీ దాకా ఆగకుండా చదువుతున్నాడు. ద్విత్వాలు వచ్చేశాయి. సంయుక్తాల్లో రావత్తు దగ్గర ఇంకా ఆగుతాడు, తొందరపెట్టకండి, లోపల పలుక్కుని చెప్తాడు. క్రికెట్ కథ ఉంటే ముందు అది ఇవ్వండి. వాళ్లమ్మ మంగళవారం పనికి వెళ్లదు, మాట్లాడాలంటే ఆ రోజు."